అంబాడి వద్దన్న అమ్మాయి

జర్మనీలోని ఆ చిన్న ఊళ్లో మన సరుకులు దొరికేది ఒక్కటే కొట్టు. అక్కడ మిగిలిన ఒకే ఒక్క జొన్నపిండి ప్యాకెట్ మీద రెండు చేతులు పడ్డాయి.

"నేను ముందు సూసిన. జర ఇడువుర్రి," అంది అమ్మాయి.

ఆ 'సూసిన' చెవిన పడగానే రంజిత్ చేయి దానంతటదే వదిలేసింది. అతనిది ఆదిలాబాద్, లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. ఆమె నర్మద, కరీంనగర్ పిల్ల, ఆసుపత్రిలో నర్సు. ప్యాకెట్ పోయిందిగానీ ఫోన్ నంబరు దొరికింది. బేరం బాగానే ఉందనుకున్నాడు మనవాడు.

మూడు నెలల కబుర్లయ్యాక జూలైలో నర్మదకు జ్వరం వచ్చింది. తగ్గింది కానీ నోటికి రుచి రాలేదు, ముద్ద దిగడం లేదు. రాజీనామా చేసి ఇంటికి పోతానంది. శనివారానికి టికెట్ కూడా తీసేసింది. శనివారమేనా అని రంజిత్ మళ్లీ మళ్లీ అడిగాడు. ప్రేమిస్తున్నానని ఇంకా చెప్పనేలేదు మరి.

కిటికీ దగ్గర కుండీల్లో పెంచుతున్న మొక్కలు గుర్తొచ్చి, ధైర్యం చేసి ఫోన్ చేశాడు. "మా అంబాడి ఉంది. తేవాల్నా?"

"వద్దు. దాని పేరెత్తితేనే కడుపుల తిప్పుతుంది. మల్ల అడగకు."

తనతో పాటు తన మొక్కల్నీ కాదన్నదని రెండు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాడు. గురువారం నర్మద గదిలో ఉండే వందన బస్టాపులో కలిసింది. పుంటికూర, అదే గోంగూర కోసం నర్మద దుకాణాలన్నీ వెతికి, దొరక్క ఏడ్చిందని చెప్పింది.

రంజిత్ ఇంటికి పరుగెత్తాడు. కిటికీ దగ్గరి కుండీల్లోని ఆకంతా కోసి కట్టగట్టి, వానలో తడుస్తూ ఆమె తలుపు తట్టాడు.

నర్మద కట్టను చేతిలోకి తీసుకుంది. ఒక ఆకు తుంచి నమిలింది. పుల్లగా తగిలింది. ఎన్నాళ్లకో రుచి తెలిసింది.

"యాడ దొరికింది?"

"నేనే పెంచిన. మా అవ్వది మహారాష్ట్రల యవత్మాల్ దిక్కు. మా ఇంట్ల దీన్ని అంబాడి అంటం."

"అయ్యో, అంబలి అనుకున్న. జరమొచ్చిన కాంచి వందన పొద్దుమాపు అదే తాపుతుంది."

ఇద్దరూ నవ్వి నవ్వి అలిసిపోయారు. పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు వేసి కూర వండారు. నర్మద రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఆమె తింటుంటే రంజిత్ ప్రాణం కుదుటపడింది. ఇక దాచుకోవడం అతని వల్ల కాలేదు.

"నువ్వు పోతే నేనీడ ఉండలేను నర్మదా. నువ్వంటే నాకు పానం."

నర్మద చేయి కడుక్కుని, ఫోన్ తీసి టికెట్ రద్దు చేసింది.

"దసరాకు పోదాం, ఇద్దరం," అంది తల వంచుకుని. "మా బాపుతోని మాత్రం నువ్వే మాట్లాడాలె."