జాడీ ఊపిరి

"గుడుక్" అంది జాడీ.

జిన్‌హే నమలడం ఆపి వెనక్కి తిరిగింది.

బడిలో మధ్యాహ్నం గంట కొట్టి పావుగంటయింది. మెట్ల వీధిలో చ్యూ పిన్ని నూడుల్స్ కొట్టు ముందు జనం నిండిపోయారు. అక్కడ బల్లలు లేవు. పొట్టి స్టూలు మీద కూర్చుని, పొడుగు స్టూలు మీద గిన్నె పెట్టుకోవాలి.

"తాతయ్యా, ఆ జాడీలో ఎవరున్నారు?"

"అలసందకాయలు. తిను."

"మరి గుడుక్ మంటుందేం?"

"ఊపిరి వదులుతోంది."

"కాయలకి ఊపిరుంటుందా?"

"నీ నూడుల్స్ చల్లారిపోతున్నాయి" అన్నాడు తాతయ్య.

అది నల్లటి మట్టి జాడీ. జిన్‌హే నడుమంత ఎత్తు. మూతి చుట్టూ గాడి, గాడి నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో బోర్లించిన మూత. లోపలి గాలి బుడగై బయటికొస్తుంది. బయటి గాలి లోపలికి పోదు.

చ్యూ పిన్ని కాగితం మీద ఏదీ రాసుకోదు. మొహం చూస్తే చాలు, ఎవరికి ఏం కావాలో చెప్పేస్తుంది.

"తాతగారికి కారం తక్కువ, ఆకుకూర ఎక్కువ. చోంగ్‌చింగ్‌లో పుట్టి కారం తగ్గించమనేది మీరొక్కరే. ఎవరికీ చెప్పనులెండి."

"ఇంత గట్టిగా అరిచాక ఇంకెవరికి చెప్పాలి?" అన్నాడు తాతయ్య.

"పిన్నీ, ఒక్కసారి మూత తీసి చూడనా?" అడిగింది జిన్‌హే.

"ఊరికే తీయకూడదు. అందులో ఉప్పునీళ్ళ ఊట మా అమ్మ పెట్టింది. ఆ ఊట వయసులో నాకంటే రెండేళ్ళే చిన్నది. నా చెల్లెలనుకో."

పిన్ని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. తాతయ్య టీ సీసాలో వేడినీళ్ళు నింపుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

గుడుక్.

జిన్‌హే మూత ఎత్తింది. పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. లోపల అల్లం ముక్కలు, ఎర్ర మిరపకాయలు, చుట్టలు చుట్టిన అలసందకాయలు. ఒక కాయ పైకి తేలి అందేటట్టుగా ఉంది. చేతిలో చాప్‌స్టిక్స్ ఉండనే ఉన్నాయి. వాటితో పట్టి లాగింది.

ఆ పుల్లలకున్న కారం నూనె నాలుగు చుక్కలు ఊటలో పడ్డాయి. చుక్కలు ఎర్రగా, గుండ్రంగా తేలాయి. చూడ్డానికి బాగున్నాయి. కాయ కరకరలాడింది. తాతయ్య వచ్చేసరికి మూత మూసేసి బుద్ధిగా కూర్చుంది.

ఇది గురువారం జరిగింది.

సోమవారం జాడీ చప్పుడు చెయ్యలేదు. జిన్‌హే చెవి ఒగ్గి విన్నది. ఏమీ లేదు. మూత తీసి పక్కన పెట్టారు. ఊట మీద తెల్లటి పొర కట్టింది.

చ్యూ పిన్ని అరుస్తోంది. ఎదురుగా ఆమె భర్త వెన్ బాబాయ్ తలవంచుకుని నిలబడ్డాడు. ఆయన పని గిన్నెలు కడగడం.

"జిడ్డు చేతులతో ముట్టావు. నూనె పడితే ఊట చస్తుందని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా."

"నేను ముట్టలేదు."

"అయితే చుట్టుపక్కల పిల్లులు చాప్‌స్టిక్స్ పట్టుకొచ్చి తిన్నాయా?"

బాబాయ్ తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇక వంటింట్లో అడుగు పెట్టకు. బయట స్టూళ్ళు తుడువు."

ఆయన గుడ్డ తీసుకుని బయటికొచ్చాడు. జిన్‌హే కూర్చునే స్టూలు తుడిచాడు. గిన్నె తెచ్చి పెట్టాడు. నూడుల్స్ మీద తరిగిన అలసందకాయలు గుప్పెడున్నాయి.

"పొర కట్టకముందు పిన్ని తీసినవి. నీకిష్టం కదా అని దాచాను" అన్నాడు మెల్లగా.

జిన్‌హే తినలేకపోయింది.

"తాతయ్యా, జాడీలో పుల్లలు పెట్టింది నేనే."

తాతయ్య ఆమె కేసి చూడలేదు. "నాకెందుకు చెబుతున్నావు? జాడీ నాదా?"

లోపల పదిమంది వరసలో ఉన్నారు. జిన్‌హే వాళ్ళ మధ్యనుంచి పొయ్యి దాకా వెళ్ళింది.

"పిన్నీ, బాబాయ్ ముట్టలేదు. నేను ముట్టాను. నూనె పుల్లలతో."

పిన్ని గరిటె ఆగింది.

"ఎన్ని కాయలు?"

"ఒకటి."

"బాగుందా?"

"బాగుంది."

"బాగుండదూ మరి?" అంది పిన్ని. నాలుగు గిన్నెల్లో నూడుల్స్ వేశాక వీధిలోకి కేకేసింది. "ఏమయ్యా, లోపలికి రా. గిన్నెలు కొండలా పడి ఉన్నాయి, ఎవడు కడుగుతాడు?"

బాబాయ్ గుడ్డ భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. అంతకంటే మంచి మాట ఆమె నోట రాదని ఆయనకు తెలుసు.

ఆ సాయంత్రం బడి వదలగానే జిన్‌హే మళ్ళీ వచ్చింది. పిన్ని పొర తీసేసింది. అల్లం, ఉప్పు వేసింది. ఘాటు సారా పోసింది.

"జాడీకి మత్తెక్కదా?"

"బూజుకెక్కుతుంది. ఊటకెక్కదు."

"బతుకుతుందా పిన్నీ?"

"తెలీదు. గాడిలో నీళ్ళు తగ్గకుండా రోజూ చూడు. మూత మాత్రం ముట్టకు."

క్షమించానని పిన్ని అనలేదు. జిన్‌హే గిన్నెలో అలసందకాయలు వెయ్యడం కూడా మానేసింది. జిన్‌హే అడగలేదు. రోజూ వచ్చి గాడిలో నీళ్ళు పోసింది, చెవి ఒగ్గి విన్నది, బడికి పోయింది.

పన్నెండో రోజు నీళ్ళు పోస్తుంటే, చేతికిందే ఒక బుడగ లేచింది.

గుడుక్.

"పిన్నీ" అంది జిన్‌హే. జాడీ వైపు వేలు చూపించింది.

పిన్ని వచ్చి మూత తీసింది. వాసన చూసింది. పొర లేదు.

"ఒక కాయ తీసుకో."

జిన్‌హే చేతిలోని పుల్లలు స్టూలు మీద పెట్టేసింది. లోపలికెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"చర్మం ఊడొస్తుందే" అంది పిన్ని.

జిన్‌హే మేకుకు వేలాడుతున్న పొడుగు పుల్లలు, జాడీకి మాత్రమే వాడేవి, తీసి వెలుగులో పట్టి చూసింది. చుక్క తడి లేదు. ఒక కాయ పైకి తీసింది.

వెన్ బాబాయ్ గిన్నెల దగ్గర నిలబడి తన నూడుల్స్ తింటున్నాడు. జిన్‌హే ఆ కాయ తీసుకెళ్ళి ఆయన గిన్నెలో వేసింది.