ఖాళీ బల్లల సర్వే

“ఏమండీ, పుస్తకం అక్కడే పడేసి వెళ్తున్నారు! ఇది మీ ఇల్లనుకున్నారా?”

గుమ్మం దాకా వెళ్లిన యువకుడు వెనక్కి తిరిగాడు. అడిగింది లైబ్రేరియన్. గ్రంథాలయాలలో పనిచేసేవారు వయసు మళ్లి, దగ్గుతూ, కళ్లజోడు మీదుగా చూస్తారని ఒక నమ్మకం ఉంది. ఈమెకు పాతికేళ్లు దాటి ఎన్నో కాలేదు, దగ్గు లేదు, కళ్లజోడూ లేదు. కోపం మాత్రం నిండుగా ఉంది.

“మా ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండదండీ,” అన్నాడు.

“జోకులు తర్వాత. ఎక్కడ తీశారో అక్కడ పెట్టండి.”

“పాఠకులు పుస్తకాలు సర్దకూడదు మేడమ్. బల్ల మీదే వదిలేయాలి, స్టాఫ్ సర్దాలి. లైబ్రరీ సైన్స్‌లో మొదటి పాఠం అది. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క.”

“తప్పు అరలో పెట్టేవాళ్లుంటే కదా! మా తాతగారిని చూడండి.”

ఆ మూసే వేళకు హాల్లో మిగిలిన పాఠకుడు ఒక్కరే. వృత్తి మానేసి చాలా కాలమైనా అందరూ ప్లీడర్ తాతగారనే పిలిచే పెద్దమనిషి. ఆయన తన పుస్తకాన్ని సరైన అరలో, సరైన సందులో దూర్చి, పక్క పుస్తకాలతో సమానంగా ఉండేలా వేలితో నెట్టి, పలక చూపించే పిల్లాడిలా ఆమె వైపు చూశారు. ఆమె తల ఊపింది. ఆయన సంతృప్తిగా ఇంటికి వెళ్లారు.

ప్రేమకథలో ఇలాంటి చోట నాలుగు కళ్లు కలవాలి. కలిశాయి. ఆమె కళ్లలో ఉన్నది కోపమే. కోపాన్ని మరో విధంగా అర్థం చేసుకునే సౌకర్యం కవులకు ఉంటుంది. ఇతను సర్వేకి వచ్చిన ఉద్యోగి. నోరు మూసుకుని పుస్తకాన్ని అరలో పెట్టాడు, అదీ తలకిందులుగా.

అతను యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్. నగరంలో ప్రజలు వాడని శాఖా గ్రంథాలయాలను మూసివేయాలని మున్సిపాలిటీ సంకల్పించింది. అన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయని ఒక కౌన్సిలర్ సభలో ప్రకటించారు. ఆయన ఫోనులో ఏం చదువుతారో ఎవరూ అడగలేదు. ఏవి వాడుకలో ఉన్నాయో తేల్చే పని శాస్త్రీయంగా జరగాలని యూనివర్సిటీకి అప్పగించారు. యూనివర్సిటీ ఈ యువకుణ్ని పంపింది.

పద్ధతి సరళమైనది. ఇంటికి తీసుకువెళ్లే పుస్తకాలకు రికార్డు ఉంటుంది. హాల్లో కూర్చుని చదివేవాటికి ఉండదు. కాబట్టి పాఠకులు వెళ్లిపోయాక బల్లల మీద మిగిలిన పుస్తకాలను లెక్కపెట్టాలి. మిగిలినవన్నీ చదివినవి. యూనివర్సిటీలో ఈ లెక్క ఏళ్ల తరబడి బ్రహ్మాండంగా నడుస్తోంది.

వారమంతా అతను మూసే వేళకు వచ్చాడు. వారమంతా బల్లలు అద్దంలా మెరిశాయి. మొదటి రోజు కళ్లారా చూసిన తాతగారు అతనికి గుర్తుకు రాలేదు, పద్ధతి బల్లలనే చూడమంది.

ఎవరో అధికారి రోజూ వచ్చి బల్లలు మాత్రమే చూసి పోతున్నాడంటే, శుభ్రతకు మార్కులు వేస్తున్నాడని ఆమె అనుకుంది. రెండో రోజు నుంచి పాఠకులను కాస్త ముందుగానే లేపి, బల్లలు స్వయంగా తుడవసాగింది.

“ఎప్పుడూ ఇలాగే ఉంటుందాండీ?” అని చివరి రోజు జాలిగా అడిగాడు.

“ఎప్పుడూ ఇంతే! ఏ రోజైనా రండి. ఒక్క పుస్తకం కనపడితే నన్నడగండి,” అంది గర్వంగా.

దారుణమైన నిజాన్ని ఇంత నవ్వుతూ చెప్పగల ధైర్యవంతురాలిని అతను చూడలేదు. ఆ నవ్వు అవసరానికి మించి గుర్తుండిపోయింది. అయినా వృత్తిధర్మం తప్పకుండా, ‘హాలులో చదివేవారు: లేరు’ అని నివేదిక ఇచ్చాడు. లెక్క కచ్చితంగానే ఉంది. లెక్కించవలసిన మనుషులు మాత్రం అతను రాకముందే ఇళ్లకు వెళ్లిపోయారు.

నెల తిరగకుండా మూసివేత ఆర్డరు వచ్చింది, అతని సంతకంతో ఉన్న యూనివర్సిటీ నివేదికను జతచేసుకుని. హాలును టాక్స్ ఆఫీసు పాత కాగితాలకు గోదాము చేస్తారు. లైబ్రేరియన్‌ను ఆ కాగితాలకే కాపలా పెడతారు.

మర్నాడు ఉదయమే ఆమె యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లింది. లోపలికి మాత్రం వెళ్లలేకపోయింది. అక్కడి గేటు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. జ్ఞానం అంత విలువైనది. గేటుకు అవతల ఏసీ హాల్లో కుర్చీలు ఒకదానినొకటి చూసుకుంటున్నాయి. గొడవ విని యువకుడే గేటు దాకా వచ్చాడు.

“అబద్ధాలు రాయడానికి మనసెలా వచ్చిందండీ మీకు?”

“నేను అబద్ధం రాయలేదు. బల్లల మీద ఒక్క పుస్తకమైనా ఉందా? మీరే చెప్పారు కదా, ఎప్పుడూ ఇంతేనని!”

“ఉండవు! చదివి అరల్లో పెట్టేసి వెళ్తారు! అలా పెట్టడం నేర్పడానికి నాకు మూడేళ్లు పట్టింది!”

“నేను లెక్కపెట్టింది బల్లల మీదివేనండీ,” అన్నాడు యువకుడు.

“మీరు... మీరు పుస్తకాలు లెక్కపెట్టడానికి వచ్చారా?” అంది ఆమె, స్వరం తగ్గించి.

“మీరేమనుకున్నారు?”

“శుభ్రత అనుకున్నా. బల్లలు తుడిచాను కూడా.”

ఇద్దరూ గేటుకు చెరో వైపు నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. ఒక సంస్థను నాశనం చేయడానికి సాధారణంగా అవినీతిపరులు కావాలి. ఇక్కడ ఇద్దరు నిజాయితీపరులు ఆ పనిని వారంలో పూర్తిచేశారు.

తన నివేదిక తప్పని అతనే తన డైరెక్టర్ మేడమ్‌కు చెప్పి, మరో లెక్కకు అనుమతి, అది తేలేదాకా ఆర్డరుకు వాయిదా తెచ్చాడు. ఈసారి ముందుగా పగటి పూట వచ్చి చూశాడు. కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు.

నైట్ డ్యూటీ ముగించి వచ్చిన నర్సు కిటికీ పక్కన ప్రమోషన్ పరీక్షకు చదువుతోంది. ఇల్లు ఒకటే గది, అందులో ముగ్గురు పిల్లలు, టీవీ, అత్తగారు. ఆమెకు కావలసిన పుస్తకం యూనివర్సిటీలో ఉందిగానీ ఆ గేటు ఆమెకు తెరుచుకోదు. మర్నాడు యువకుడు దాన్ని తన కార్డు మీద తెచ్చి ఇచ్చాడు.

“ఇదీ శాస్త్రీయ పద్ధతేనా?” అంది లైబ్రేరియన్.

“ప్రయోగమండీ.”

“అలాంటి ప్రయోగాలు చేస్తూ ఉండండి,” అని నవ్వింది.

ఆ తర్వాత పరిశీలన పేరుతో అతను రోజూ రాసాగాడు. పరిశీలనలో ఎక్కువ భాగం కౌంటరు దగ్గరే జరిగింది. ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఇందులో ప్రేమికుల పట్ల ప్రకృతికి ప్రత్యేక శ్రద్ధ ఏమీ లేదు, అది వానాకాలం. రోడ్డు మీద వాళ్లంతా హాల్లోకి తోసుకొచ్చారు.

“వీళ్లు చదవడానికి రాలేదుగా. గొడుగుల్లేక వచ్చారు,” అన్నాడు.

“కాసేపాగి చూడండి.”

ఆగాడు. తలలు తుడుచుకున్నారు. గోడలు చూశారు. తర్వాత ఒకడు పత్రిక తీశాడు, ఇంకొకడు అరల వైపు నడిచాడు. వాన ఆగింది. సగం మంది లేవలేదు.

“చూశారా?” అంది గుసగుసగా.

అతను చూస్తున్నది ఆమెను. పరిశోధకుడిగా అది లోపమే.

ఇక మిగిలింది పాఠకులకు కొత్త అలవాటు నేర్పడం. చదివాక పుస్తకం బల్ల మీదే వదలాలని ఆమె ప్రకటించింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చేదుమందు తాగినట్టుంది.

“మూడేళ్లు తిట్టి మరీ నేర్పావు. ఇప్పుడు చెడిపొమ్మంటావేమిటి అమ్మాయీ?” అన్నారు ప్లీడర్ తాతగారు.

“ఒక్క రోజుకే తాతగారూ. చదివినవే వదలాలి. చదవనివి పెడితే ఒప్పుకోను.”

“లైబ్రరీ పోతున్నా ఒప్పుకోవా?”

“పోతున్నా ఒప్పుకోను.”

లెక్క రోజు ఉదయం యువకుడు రాలేదు. డైరెక్టర్ మేడమే వచ్చారు. పెద్ద క్లాసురూములలో మైకు లేకుండా పాఠాలు చెప్పి పదునెక్కిన గొంతు ఆమెది. రహస్యం చెప్పినా వెనక బెంచీకి వినబడుతుంది.

“మా అసిస్టెంట్ ఈ లెక్కకి రాడమ్మా.”

“ఏమండీ, ఒంట్లో బాలేదా?”

“ఒళ్లు బాగానే ఉంది. లెక్కపెట్టేవాడికి పక్షపాతం ఉండకూడదు, నాకుందన్నాడు. ఈ బిల్డింగ్ మీద అంత మమకారమేమిటయ్యా అంటే, బిల్డింగ్ మీద కాదు మేడమ్, లైబ్రేరియన్ మీద అన్నాడు. ఏ బల్ల దగ్గర కూర్చోమంటావు నన్ను?”

హాలంతటా పేజీలు తిరగడం ఆగిపోయింది.

“సాక్ష్యం బలంగా ఉందమ్మాయీ,” అన్నారు ప్లీడర్ తాతగారు.

“నిశ్శబ్దం!” అంది లైబ్రేరియన్. చేతికందిన రిజిస్టరును తలకిందులుగా తెరిచింది.

మధ్యాహ్నం టీ వేళకు బయటికి వెళ్లింది. ఎదురుగా జిరాక్స్ షాపు రేకుల కింద యువకుడు వానకు సగం తడుస్తూ నిలబడి ఉన్నాడు.

“ఊరందరికీ చెప్పారు, నాకు చెప్పలేదేం?”

“ఒక్క డైరెక్టర్ గారికే చెప్పానండీ.”

“ఆవిడ గొంతు తెలిసి కూడానా?”

అతను తల దించుకున్నాడు. “మీకు ముందే చెబితే లెక్క నా చేతిలో పెట్టుకుని చెప్పినట్టుంటుంది. లైబ్రరీ మూతపడ్డాక చెబితే జాలిపడ్డట్టు. నిలబడ్డాక చెబితే కూలి అడిగినట్టు.”

“మరెప్పుడు చెబుదామని?”

“అదే తేలడం లేదండీ.”

“ఇందులో సగం ఆలోచన ఆ మొదటి సర్వేకి పెట్టి ఉంటే ఎంత బాగుండేది!” అంది. తిడుతున్నా గొంతులో వెనకటి పదును లేదు. “తడుస్తూ ఇక్కడెందుకు? లోపలికి రండి.”

“నేను లెక్కలో వేలు పెట్టకూడదు.”

“వేలు పెట్టమని ఎవరన్నారు? కూర్చుని చదువుకోండి. ఇది పబ్లిక్ లైబ్రరీ. మీ దగ్గరలా కార్డు అడగం.”

మూసే వేళకు బల్లలు కిక్కిరిసి ఉన్నాయి. కొన్ని బల్లల మీద పుస్తకాల గోపురాలు లేచాయి. పాఠకులు తమ లైబ్రరీని కాపాడుకోవడానికి నిశ్చయించుకున్నారు. డైరెక్టర్ మేడమ్ కళ్లజోడు సవరించుకుంటూ ఉండగా లైబ్రేరియన్ లేచి ముందుగా ప్లీడర్ తాతగారి గోపురం దగ్గర ఆగింది.

“ఇదేమిటి తాతగారూ, ప్రసూతి వైద్యం! చదివారా?”

“తిరగేశానమ్మా.”

“లోపల ఏముంది?”

“...బొమ్మలు.”

ఆమె దాన్ని తీసి అరలో పెట్టింది. తర్వాతది, ఆ తర్వాతది. ప్రతి బల్ల దగ్గరా అదే ప్రశ్న. ఎవరూ ఆమె కళ్లలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయారు. గోపురాలు ఒక్కొక్కటిగా కూలాయి. తన ఉద్యోగం, తన హాలు, నర్సు కుర్చీ, అన్నీ ఆ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ అంకెను ఆమె తన చేతులతోనే తగ్గిస్తోంది. చూస్తున్న యువకుడికి ఆపాలనిపించింది. ఆపితే ఆమె ఇక తన ముఖం చూడదనీ తెలుసు.

చివరికి అతని బల్ల దగ్గరికి వచ్చింది. అతని ముందు ఒక పుస్తకం తెరిచి ఉంది.

“చదివారా?”

“మొదటి పేజీ నుంచి కదల్లేదండీ.”

ఆ పుస్తకాన్నీ తీసి అరలో పెట్టింది.

డైరెక్టర్ మేడమ్ మిగిలినవి లెక్కపెట్టారు. ఒకసారి తల విదిల్చి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

“మా హాల్లో పోయిన నెలంతా కలిపినా ఇన్ని రాలేదు. అందులోనూ మా వాళ్లు వదిలినవి చదివారో లేదో ఎవరూ అడగరు,” అని నిట్టూర్చారు. “దీన్ని మూయడానికి వీల్లేదని రేపే రాస్తాను. మా పుస్తకాలు మీ పాఠకులకి ఇప్పించే ఏర్పాటు కూడా చూస్తాను. అక్కడ ఊరికే చల్లగాలి పీల్చుకుంటున్నాయి. వస్తానమ్మా. నువ్వు ఉండవయ్యా, నీకేదో పనుందిగా!”

చివరి వాక్యం వీధి చివరి దాకా వినబడింది.

పాఠకులు వెళ్లారు. ప్లీడర్ తాతగారు మాత్రం గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు. ఆ చెప్పులకు పట్టీలు లేవు, బకిల్స్ లేవు. అయినా చాలాసేపు పట్టింది.

“లెక్క అయిపోయింది,” అంది ఆమె, బల్లకు ఇవతల నిలబడి. “జాలీ లేదు, కూలీ లేదు. ఇప్పుడు చెప్పండి.”

అతను చెప్పాడు. సిద్ధాంతాలన్నీ వదిలేసి, మామూలు మనుషులు చెప్పే మాటే చెప్పాడు. అది కూడా చాలా మెల్లగా.

“వినపడలేదు. గట్టిగా!”

“నాకు వినపడిందమ్మాయీ!” అని గుమ్మంలోంచి కేక.

“ఆయనకి వినపడిందట,” అన్నాడు యువకుడు ఆశగా.

“ఒప్పుకోవాల్సింది ఆయన కాదుగా. మళ్లీ చెప్పండి.”

మళ్లీ చెప్పాడు. ఒప్పుకుంది.