ఎక్కీ ఎక్కని ఆట

ఆ అమ్మాయి రిపేరు షాపులోకి రావడం రావడమే వానని తిట్టుకుంటూ వచ్చింది. తను తడిసి ముద్దయింది కానీ, చంకలో ఉన్న దుప్పటి మూట మీద మాత్రం చుక్క పడనివ్వలేదు.

పొద్దస్తమానం సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని కూర్చుంటాడని షాపు నడిపే మనవాడిని వీధి వీధంతా 'టంకం' అంటుంది. టంకం మూట వైపు చూశాడు.

"పసిబిడ్డా అండీ?"

"కంప్యూటరు."

దుప్పటి విప్పితే లావుపాటి కీబోర్డు ఒకటి బయటపడింది. కంప్యూటరు మొత్తం అదే. టీవీకి తగిలించుకుని వాడే పాతకాలపు సరుకు.

"దీన్ని అద్దాలపెట్టెలో పెట్టి టికెట్టు పెట్టొచ్చండీ!"

"మా అమ్మది. అమ్మ ఈ మధ్యే పోయింది."

టంకం నవ్వు మొహం మీదే చచ్చిపోయింది. నోరుంది కదా అని వాడేస్తే ఇంతే మరి.

కొత్తగా పెళ్ళయిన రోజుల్లో వాళ్ళమ్మ ఇందులో ఒక ఆట రాసిందట. పైనుంచి వానచుక్కలు పడుతుంటే కింద బకెట్టుతో పట్టుకోవాలి. అమ్మానాన్నలు రోజూ ఆడేవాళ్ళట. క్యాసెట్టు బూజుపట్టి పోయింది కానీ, అమ్మ స్నేహితురాలు దాచుకున్న కాపీని ఫైలుగా పంపింది.

"అమ్మ పోయినప్పటి నుంచి నాన్న కిటికీ దగ్గర కూర్చునే ఉంటారు. ఏమడిగినా ఊ, ఉహూ. అంతే. ఈ ఆట చూస్తే ఒక్క మాటైనా మాట్లాడతారేమోనని..." అమ్మాయి దుప్పటి మడతపెట్టసాగింది.

"ఎక్కిద్దామండీ," అన్నాడు టంకం. ఇక జోకు వెయ్యలేదు.

పద్ధతి తేలికే. ఆ రోజుల్లో ప్రోగ్రాములు క్యాసెట్టులో కీచుమనే శబ్దంగా ఉండేవి. ఇప్పుడు అదే శబ్దాన్ని లాప్‌టాప్‌లో మోగించి, ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి తీగ వేస్తే పాత కంప్యూటరు వినేసి ఎక్కించుకుంటుంది. ఎక్కుతున్నంతసేపూ టీవీ అంచుల్లో రంగు చారలు ఆడతాయి.

చారలు ఆడాయి. సగంలో ఆగిపోయాయి. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆగాయి. కనెక్టర్లు తుడిచాడు, తీగ మార్చాడు, సౌండు పెంచాడు, తగ్గించాడు. ఉహూ.

ఈ గొడవంతటిలో అతనికున్న ఒకే ఒక్క సుఖం, తను పనిచేసే కంటి ఆసుపత్రి కౌంటర్లోంచి ఈ అమ్మాయి పంపగా లాప్‌టాప్ మీద మెరిసే మెసేజీ.

"ఎక్కిందా?"

"ఎక్కుతోందండీ," అని మురిసిపోతూ కొట్టేవాడు. తలెత్తేసరికి టీవీలో చారలు ఆగిపోయి ఉండేవి.

శనివారం ముసురు పట్టింది. అమ్మాయి మళ్ళీ తడిసి వచ్చింది.

"చేతకాకపోతే చేతకాదని చెప్పండి. వారమంతా 'ఎక్కుతోంది ఎక్కుతోంది' అని ఆశ పెట్టడం దేనికి? నిన్న నాన్న అన్నం కూడా ముట్టలేదు."

టంకం తీగ మళ్ళీ తగిలించాడు. మొదటి నుంచి పెట్టాడు. అమ్మాయి బెంచీ మీద మొహం తిప్పుకుని కూర్చుంది. చారలు బ్రహ్మాండంగా ఆడుతున్నాయి. ఇంకాసేపటికి ఎక్కేదే. ఇంతలో ఠక్కున ఆగాయి.

లాప్‌టాప్ మీద మెసేజీ మెరిసింది. 'అరిచినందుకు సారీ.'

బెంచీ మీద అమ్మాయి ఫోను పట్టుకుని ఉంది. ఇద్దరూ టీవీ చూశారు, లాప్‌టాప్ చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"అంటే... నా మెసేజీ మోత కూడా తీగలోంచి దాంట్లోకి వెళ్ళిపోతోందా?"

"తీగలోకి పోతుంటే నాకెలా వినిపిస్తుందండీ!" టంకం నెత్తి కొట్టుకున్నాడు.

"సౌండు ఆపుకోవద్దూ?"

"ఆపాను. పని మధ్యలో ఎవరూ గొడవ చేయకూడదని మా అన్నయ్యతో సహా అందరినీ మ్యూట్‌లో పెట్టేశాను."

"మరి నాదెందుకు మోగింది?"

టంకం సోల్డరింగ్ కడ్డీ వైపు దీనంగా చూశాడు. అది సాయానికి రాలేదు.

"మీరు గొడవ కింద రారు కదండీ."

అమ్మాయి తడి చెవుల మీదుగా ఎరుపు పాకింది.

"ముందు నన్ను కూడా మ్యూట్ చేయండి," అంది. "ఎక్కాక తీసేయండి."

మర్నాడు సాయంత్రం వాళ్ళింట్లో టీవీకి అన్నీ తగిలించారు. పెద్దాయన కిటికీ దగ్గరే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. ఈసారి చారలు చివరిదాకా ఆడి ఆగాయి. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు రాలడం మొదలుపెట్టాయి. ఒక్కో చుక్కకీ టక్, టక్ అని చప్పుడు.

ఆ చప్పుడుకి పెద్దాయన తల తిరిగింది. లేచాడు. గోడ పట్టుకుని వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. మీటలు నొక్కి బకెట్టుని జరిపాడు. చుక్కలన్నీ నేలపాలయ్యాయి.

"బకెట్టు ఇంత చిన్నది పెట్టొద్దే అంటే వినలేదు మీ అమ్మ." గొంతు తుప్పుపట్టిన తలుపులా ఉంది. "నేను ఓడిపోతే దానికి సరదా."

అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దాయన చీకటి పడేదాకా ఆడాడు, ఓడాడు, కళ్ళు తుడుచుకున్నాడు. కూతురు తిరిగొచ్చాక తనే చెయ్యి చాచి స్విచ్చి ఆపేశాడు.

"అయ్యో నాన్నా! కరెంటు తీస్తే అది మొత్తం మర్చిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి!"

"దీనితో ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, నాకు తెలీదటే?" టంకం వైపు తిరిగాడు. "ఏం అబ్బాయ్, రేపు ఖాళీయేనా?"

"ఖాళీయే అంకుల్."

"ఎల్లుండి?"

టంకం అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి నేల వైపు చూస్తోంది.

"ఎల్లుండి కూడా ఖాళీయే అండీ."

"మరైతే ఈ వానలో ఆ లాప్‌టాప్ మోసుకుంటూ రోజూ తిరగడం దేనికి? ఇక్కడే ఉంచెయ్," అన్నాడు పెద్దాయన. "నువ్వు వస్తే చాలు."