నల్లబడ్డ టాంకీ

కంచరి అంతయ్య ఇంట్లో వెతికినా ఒక్క సిల్వర్ గిన్నె దొరకదు. సిల్వరంటే వెండి కాదు, అల్యూమినియం. కరీంనగర్‌లో అందరూ దాన్ని అట్లాగే పిలిచేవాళ్ళు. ఆ చవక గిన్నెలు సంతకొచ్చాకే ఇత్తడి బిందెలు అడిగేవాళ్ళు తగ్గారు, అంతయ్య కొలిమి చల్లారింది. అట్లాంటి మనిషి వాకిట్లోనే ఆ ఉదయం మూడడుగుల సిల్వర్ టాంకీ ఒకటి పడుంది. తెచ్చింది పరాయివాడా అంటే, కాదు, కన్నకొడుకు కొండల్.

అది అంబదాస్ సేటు లారీకి డీజిల్ టాంకీ. మిలిటరీ వేలంలో కొన్న ఆ లారీ కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వెదురు తోలుతుంది. టాంకీ విప్పించి, కడిగించి కొండల్‌కు అప్పగించాడు సేటు. "ఆయుధపూజ నాటికి దీంట్ల మొకం కనవడాలె. కనవడ్డదా, నా లారీల షెడ్డుల పని నీదే" అన్నాడు. ఆ పని దొరక్కపోతే బొంబాయి పోతానని కొండల్ ఇంట్లో చెప్పేశాడు. ఆ రోజునుంచి తండ్రికీ కొడుక్కీ మాటల్లేవు.

పూజ రేపు.

"అవ్వా, పాలిష్ మందు అయిపోయింది. షెడ్డుకు పోయొస్త. దీన్ని ఎవ్వలు ముట్టద్దు" అన్నాడు కొండల్, తండ్రికి వినపడేటట్టు.

"జర బువ్వ తిని పో బిడ్డా" అంది తల్లి బుచ్చవ్వ.

"వచ్చినంక తింట."

సైకిల్ అందుకోబోయిన కొడుకు అరచేతుల్ని అంతయ్య చూడనట్టే చూశాడు. ఐదు రోజులు గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ అవి బొబ్బలెక్కి ఉన్నాయి. సైకిల్ సందు మలుపు తిరిగిందో లేదో, పంచె ఎగగట్టి లేచాడు.

"ఏందయ్య, వాడు ముట్టద్దన్నడు గద" అంది బుచ్చవ్వ.

"వాడు రుద్దే తీరుకు దీపావళి దాటుతది. నా చేతుల మీద ఎన్ని బిందెలు మెరిసినయో నీకు ఎరుకలేదా? నీళ్ళు కాగవెట్టు."

ఎంత మొండి మకిలి పట్టిన ఇత్తడినైనా ఆయన చాకలి సోడా, బూడిద కలిపిన వేడినీళ్ళతోనే లొంగదీసేవాడు. అదే పూశాడు. టాంకీ బుసబుసమని పొంగింది. మకిలి వదులుతోందనుకుని, తీరుబడిగా బీడీ కాల్చుకున్నాడు పాపం. తర్వాత నీళ్ళు గుమ్మరిస్తే పెనం అడుగులా నల్లగా తేలింది. బూడిదతో ఎంత రుద్దినా ఆ నలుపు పోలేదు.

అంతలోనే కొండల్ వచ్చాడు. టాంకీనీ, పక్కనున్న సోడా గిన్నెనూ చూసి సైకిల్ వదిలేశాడు.

"ఎవలు జేసిండ్రు గిది?"

"నేనే" అన్నాడు అంతయ్య.

"సిల్వర్ మీద పగంత నా మీద తీర్చుకున్నవా బాపూ?"

బుచ్చవ్వ అడ్డం వచ్చింది. "కాదురా, నీ బాపు నీకు..."

"నువ్వు నోర్మూస్కో" అని భార్యను కసిరాడు అంతయ్య. "అవ్, తీర్చుకున్న. ఏం జేస్తవ్?"

ముసలాయన మొండితనం చూడండి. పగబట్టి చెడగొట్టానని చెప్పడానికి నోరొచ్చింది గాని, చేతకాక చెడగొట్టానని చెప్పడానికి రాలేదు. కంచరి పనిలో చెయ్యి తిరిగినవాడన్న పేరొక్కటే ఆయనకు మిగిలింది మరి.

"మంచిది. నా బట్టలు సదురవ్వా, పొద్దుమూకి బస్సుకు బొంబాయి పోత" అన్నాడు కొండల్.

బుచ్చవ్వ గడపలో కూలబడి ఏడుస్తుంటే అంబదాస్ సేటు రానే వచ్చాడు. టాంకీ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమైందిరా దీనికి? ఎవడు తగలవెట్టిండు?"

కొడుకు ఇప్పుడు తన పేరు చెబుతాడు, సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది అనుకున్నాడు అంతయ్య.

కొండల్ తండ్రి వైపు చూడలేదు. "నేనే, సేటూ. సోడా వెట్టిన. తెల్వక చేసిన."

"పని తెల్వనోనికి షెడ్డుల ఏం పని?"

ఆ మాట అంతయ్యకు ఎక్కడో తగిలింది. అరుగు దిగి వచ్చాడు.

"వానికి తెలుసు సేటూ. తెల్వంది నాకు" అన్నాడు. "వాని చేతుల బొబ్బలు చూసి ఆగలేక ముట్టిన. ఇత్తడి తీర్గనే అనుకోని సోడా వెట్టిన. సిల్వర్‌కు సోడా పడదని నాకు తెల్వదు."

ఇంత వయసొచ్చినా, 'తెల్వదు' అన్న మాట అంతయ్య నోట రావడం అదే మొదటిసారి. కొండల్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సేటు గోటితో టాంకీని గీరి చూశాడు. "నలుపు పోతదారా?" అని కొండల్‌ను అడిగాడు.

"పైపైననే ఉన్నది సేటూ. మళ్ళ మొదలువెట్టి రుద్దాలె."

"రేపు పొద్దుగాల చూస్త" అని సేటు వెళ్ళిపోయాడు.

అంతయ్య టాంకీ ముందు కూర్చుని గరుకు కాగితం చేతికి తీసుకున్నాడు. "ఎటు రుద్దాలెరా? చూపియ్యి."

కొండల్ పక్కన కూర్చుని తండ్రి చేతిని టాంకీ మీద ఆనించాడు. "ఒక్క దిక్కే, బాపూ. తిప్పద్దు. నీళ్ళు పోసుకుంట మెల్లగ."

"గిట్లనా?"

"గిట్లనే."

రెండుసార్లు రుద్ది అంతయ్య ఆగాడు. "నువ్వు పోతవని భయమైంది బిడ్డా. గందుకే తొందరవడ్డ."

"ఇది మెరిసినా మెరువకున్నా నేను పోను బాపూ" అన్నాడు కొండల్.

అంతయ్య తలవంచుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులకూ మసే.