అన్నీ తీసి వెళ్ళండి

భోజనాల గంట కొట్టగానే పిల్లలంతా టిఫిన్ డబ్బాల వైపు పరుగెత్తారు. కెప్టెన్ మాత్రం స్విచ్ బోర్డుల వైపు పరుగెత్తింది.

ఆ అమ్మాయి చదివేది ఆరో తరగతి. స్కూల్లో కరెంటు వృథా కాకుండా చూసుకునే పిల్లల దళానికి నాయకురాలు. హెడ్ మేడమ్ ఏ ముహూర్తాన 'కరెంటు కెప్టెన్' అని పిలిచిందో గానీ, అసలు పేరు అటకెక్కింది. ఇంట్లో నాన్న కూడా "కెప్టెన్ గారూ, భోజనానికి దయచేయండి" అంటున్నాడు. ఆ పిలుపు వింటే ఆమెకి ఏనుగెక్కినంత సంబరం.

స్కూలు మేడ మీద సోలార్ పలకలు బిగిస్తున్నారు. సోమవారం నుంచి ఎండతోనే కరెంటు. అయితే పలకలు బిగిస్తున్న ఎలక్ట్రీషియన్ ముందే ఒక మాట చెప్పాడు.

"మేడమ్, ఖాళీ గదుల్లో ఫ్యాన్లు తిరుగుతూ ఉంటే ఎన్ని పలకలు పెట్టినా చాలవు. ముందు దుబారా తగ్గించండి."

అందుకే ఆ రోజు పొద్దున్నే కెప్టెన్ ప్రతి గదిలోనూ తలుపు పక్కన ఒక కాగితం అంటించింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

'వెళ్ళేటప్పుడు అన్నీ తీసి వెళ్ళండి!'

"భలే ఉంది! చిన్నగా, సూటిగా," అంది హెడ్ మేడమ్. "రేపు సాయంత్రం దాకా ఏ గదిలోనూ పొరపాటు జరక్కపోతే, సోమవారం పెయింటర్ చేత ఈ మాటలే గోడల మీద రాయిస్తాను. కింద నీ పేరు కూడా."

గోడ మీద పేరు! ఎండకి వెలిసిపోని రంగుతో! కెప్టెన్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇప్పుడు ఆమె గది గదికీ తొంగి చూస్తోంది. ఆరో తరగతిలో లైట్లు తీసేశారు. ఐదో తరగతిలో ఫ్యాన్లు ఆగిపోయాయి. అంతా బ్రహ్మాండం. ఈలోగా ఆకాశం ఉరిమి, జోరుగా వాన మొదలైంది.

వరండా చివర ఒకటో తరగతి గది. గుమ్మానికి ఆకుపచ్చ రిబ్బను కట్టి ఉంది. దళంలో చేరిన తరగతులన్నిటికీ ఆ రిబ్బను ఉంటుంది. కెప్టెన్ లోపలికి చూసి నోరు తెరిచింది.

లైట్లు తీసేసే ఉన్నాయి. ఫ్యాన్లు కూడా. కానీ కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. అలమర తలుపులు తెరిచి ఉన్నాయి. రంగుల డబ్బాలకి మూతలు లేవు. ఆఖరికి నీళ్ళ సీసాల మూతలు కూడా తీసేసి, వరసగా బల్ల మీద పేర్చారు.

కిటికీ పక్క బల్ల మీద అట్టతో చేసిన ఒక బడి బొమ్మ ఉంది. దాని మేడ మీద వెండి కాగితంతో చేసిన బుల్లి సోలార్ పలకలు. సోమవారం గేటు దగ్గర పెట్టాలని ఒకటో తరగతి పిల్లలు చేసుకున్నారు. వాన జల్లు నేరుగా దాని మీదే పడుతోంది. బడి తడిసి ముద్దయింది.

కెప్టెన్ గబగబా కిటికీలు మూసేసరికి పిల్లలు భోజనాలు ముగించుకుని వచ్చారు. అందరికంటే ముందు 'మైకు'. ఆ పిల్ల గుసగుసలాడినా వరండా ఆ చివరకి వినిపిస్తుంది. అందుకే ఆ ముద్దుపేరు.

"ఈ కిటికీలు ఎవరు తీశారు?" కెప్టెన్ గద్దించింది.

"మేమే అక్కా! అన్నీ తీశాం! అలమర కూడా!" మైకు ముఖం వెలిగిపోయింది. అప్పుడు తడిసిన బడి కంటపడింది. వెలుగు కాస్తా ఆరిపోయింది.

"అసలు మిమ్మల్ని ఎవరు తీయమన్నారు?"

"నువ్వే కదక్కా. అక్కడ రాశావుగా."

"నేను లైట్లు తీయమన్నాను. కిటికీలు తీయమన్నానా? మీకు చదవడం కూడా రాదా?"

"కూడబలుక్కుని చదివాం అక్కా," అంది మైకు. ఆ మాట పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు.

అలికిడి విని హెడ్ మేడమ్ వచ్చింది. "ఏం జరిగింది?"

"వీళ్ళు కిటికీలన్నీ తీసేసి వెళ్ళిపోయారు మేడమ్," అంది కెప్టెన్. కాగితం సంగతి ఆమె నోట రాలేదు.

"పోనీలే, చిన్నపిల్లలు. దళంలోకి వచ్చే ఏడాది చేరుదురు గాని," అంటూ హెడ్ మేడమ్ గుమ్మానికున్న ఆకుపచ్చ రిబ్బను విప్పింది. కోపంగా కాదు, మెల్లగానే విప్పింది. మైకు ఆ రిబ్బను వంకే చూస్తూ నిలబడిపోయింది.

సాయంత్రం ఇంట్లో కెప్టెన్‌కి ఏమీ తోచలేదు. మాటిమాటికీ ఆ రిబ్బనే గుర్తొస్తోంది.

నాన్న రెండు చేతుల్లో రెండు చెత్త బుట్టలు పట్టుకుని పెరటి వైపు వచ్చాడు. "కెప్టెన్ గారూ, కాస్త ఆ లైటు తీసి, ఈ తలుపు తీయండి!"

ఆమె లైటు తీసింది. లైటు ఆరిపోయింది. గడియ లాగి తలుపు తీసింది. తలుపు తెరుచుకుంది. చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

"ఏమ్మా, అడ్డంగా నిలబడ్డావ్?"

"నాన్నా, లైటు తీస్తే ఆరిపోతుంది. తలుపు తీస్తే తెరుచుకుంటుంది. రెంటికీ 'తీయి' అనే అంటాం ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? అలా అంటాం, అంతే."

"మరి 'అన్నీ తీయండి' అని రాస్తే?"

నాన్న పకపకా నవ్వాడు. "చెత్త బుట్టల మూతలు కూడా తీయాల్సిందే!"

కెప్టెన్ నవ్వలేదు. నీళ్ళ సీసాల మూతలు కళ్ళ ముందు మెదిలాయి. ఆ పిల్లలు ఒక్కటంటే ఒక్కటి కూడా వదలకుండా అన్నీ తీశారు. తను చెప్పినట్టే చేశారు. ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు పొద్దున్న స్కూలు మొదలవకముందే హెడ్ మేడమ్ గది ముందు నిలబడింది. నిజం చెబితే గోడ మీద మాటలుండవు. పేరూ ఉండదు. అయినా లోపలికి వెళ్ళింది.

"మేడమ్, తప్పు ఒకటో తరగతిది కాదు. నా కాగితానిది." వెంటనే దిద్దుకుంది. "కాదు, నాదే."

జరిగిందంతా విని హెడ్ మేడమ్ తన గది గోడకున్న కాగితాన్ని మళ్ళీ చదివింది. "అయ్యో! మేమంతా నీ మనసులో ఉన్నది చదివాం. వాళ్ళొక్కళ్ళే నువ్వు రాసింది చదివారు."

సొరుగులోంచి రిబ్బను తీసి కెప్టెన్ చేతిలో పెట్టింది. "నువ్వే కట్టి రా. సోమవారం గోడ మీద ఏం రాయించాలో కూడా నువ్వే చెప్పు."

కెప్టెన్ ఒకటో తరగతి గుమ్మానికి రిబ్బను కట్టింది. పిల్లలంతా చుట్టూ మూగారు.

"మీకు చదవడం బాగా వచ్చు. నాకే రాయడం రాలేదు," అంది. "ఇదిగో, కొత్త కాగితం. చదవండి. చదివాక ఏం చేయాలనిపిస్తే అది చేయండి. నేను బయట నిలబడతాను. నోరు మెదపను."

కాగితం మీద ఇలా ఉంది: 'లైట్లు, ఫ్యాన్లు ఆపండి. కిటికీలు మూయండి. తలుపు వేయండి. బయటికి రండి.'

లోపల లైట్లు ఆరాయి. ఫ్యాన్లు ఆగాయి. కిటికీలు టకటకా మూసుకున్నాయి. తలుపు కూడా దడాలున మూసుకుంది. పిల్లలంతా లోపలే ఉన్నారు.

కాసేపటికి చీకటి గదిలోంచి మైకు గొంతు ఖంగున మోగింది. "అక్కా! తలుపు వేసేశాం! ఇప్పుడు బయటికి ఎలా రావాలి?"

కెప్టెన్ కడుపుబ్బ నవ్వింది. లోపల పిల్లలు కూడా నవ్వారు. తలుపు తీసి, అందరూ కింద కూర్చుని మాటలు సరిచేశారు. ఆ పని అయ్యాక అట్ట బడి పని పట్టారు. వెండి కాగితం అంటించడంలో కెప్టెన్ కంటే మైకు చెయ్యే నయం.

సోమవారం సోలార్ కరెంటు వచ్చింది. గేటు దగ్గర కొత్త అట్ట బడి తళతళలాడుతూ కూర్చుంది. మధ్యాహ్నం పెయింటర్ ఒకటో తరగతి గది నుంచే పని మొదలుపెట్టాడు.

'లైట్లు, ఫ్యాన్లు ఆపండి. కిటికీలు మూయండి. బయటికి వచ్చి తలుపు వేయండి.'

"కింద నీ పేరు రాయమన్నారమ్మా మేడమ్. చెప్పు," అన్నాడు.

మూడు రోజులుగా ఆమె కలలు కన్న గోడ అది. కెప్టెన్ ఒక్క క్షణం దాన్నే చూసింది. వెనక్కి తిరిగి, మునివేళ్ళ మీద నిలబడి చూస్తున్న పిల్లల్ని చూసింది.

"రాసింది ఆరో తరగతి, దిద్దింది ఒకటో తరగతి అని రాయండి అంకుల్."

పెయింటర్ కుంచె ఆగిపోయింది. "ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు దిద్దుకుంటారు గానీ, ఆరో తరగతిని దిద్దుతారా?"

"దిద్దారు అంకుల్," అంది కెప్టెన్ తలెత్తి.

మైకు గోడ దగ్గరికొచ్చి వేలు పెట్టి చదివింది. "ది... ద్దిం... ది... ఒ... క... టో..." వరండా అంతా మారుమోగింది. పై తరగతుల వాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూశారు.

గంట కొట్టారు. పెయింటర్ కోసం లైటు ఉంచి, పిల్లలు బయటికి నడిచారు. పెయింటర్ రంగు డబ్బా ఎత్తుకుని వాళ్ళ వెనకే బయటికి వచ్చేశాడు. గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

కెప్టెన్ స్విచ్ బోర్డు వైపు పరుగెత్తలేదు. చేతులు కట్టుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడింది.

"అంకుల్!" మైకు గొంతు మోగనే మోగింది. "గోడ మీద రాశారుగా! చదవలేదా?"