వంటింటి బల్లమీద రంపం

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఆ ఉదయం కూడా మంచు కురుస్తూనే ఉంది. ఆర్లీన్ గుడ్లు వేయించి పళ్ళెం తెచ్చింది గానీ, పెట్టడానికి చోటేదీ? బల్లనిండా పాత పేపర్లు, వాటిమీద మోటారు రంపం విడిభాగాలు. పోస్టులో ముక్కలుగా వచ్చిన ఆ రంపాన్ని భర్త విల్బర్ ఇంట్లోనే బిగిస్తున్నాడు.

“ఈ పళ్ళెం నీ నెత్తిమీద పెట్టనా?”

“పెట్టు. కాఫీ మాత్రం చేతికియ్యి,” అన్నాడు విల్బర్ తలెత్తకుండా.

ఇంకొకప్పుడైతే ఆర్లీన్ నవ్వేసేదే. ఆకురాలే కాలంలో అడవిలో కట్టెలు కోస్తూ పక్షవాతం వచ్చి పడిపోయాడు విల్బర్. ఆమె వెతుక్కుంటూ వెళ్ళేసరికి పక్కనే రంపం గుర్రుమంటూ ఉంది. అతని ఎడమచేతికి ఇంకా పట్టు రాలేదు. ఇక రంపం జోలికి పోనని ఆసుపత్రి మంచంమీద మాటిచ్చిన మనిషి!

అంతలో కూతురు డార్సీ చేతులనిండా కట్టెలతో వచ్చి పొయ్యి పక్కన పడేసింది. ఆమె ఇల్లు రోడ్డుకి అవతలే. తండ్రి పడ్డనాటి నుంచి రెండిళ్ళకూ కట్టెలు తనే కోస్తోంది.

“నాన్నా, మాటిచ్చావుగా! మళ్ళీ అడవికెళ్ళి పడిపోతావా? అమ్మనేం చేద్దామని?”

విల్బర్ మోకాళ్ళమీద వంగి బల్లకింద తడుముతున్నాడు.

“పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న రింగు... నిన్నట్నుంచీ కనబడట్లా.”

ఆ వంగిన వీపుని చూడలేకపోయింది ఆర్లీన్. జేబులోంచి రింగు తీసి బల్లమీద పెట్టింది.

“నేనే దాచాను! ఇది లేకపోతే రంపం నడవదనుకున్నా. ఆ రోజు నువ్వు చచ్చిపోయావనుకున్నాను విల్బర్. ఇంకోసారి నావల్ల కాదు!”

విల్బర్ మెల్లగా లేచి కుర్చీలో కూలబడ్డాడు.

“ఇది నాక్కాదు ఆర్లీన్. డార్సీకి.”

ఇద్దరూ అతనివైపే చూశారు.

“నా పాత రంపానికి బ్రేకు ఎప్పుడో పోయింది. కోస్తుంటే రంపం ఎగిరి మీదకొస్తే, తిరిగే పళ్ళ గొలుసు ఆగదు. నేనంటే మొండిగా లాక్కొచ్చా. ఇప్పుడది నా పిల్ల చేతిలో ఉంది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ భయమే. ఆగిపోతే ఇంకా భయం.”

“బిగించి ఉన్నదే కొనివ్వొచ్చుగా?” అంది ఆర్లీన్.

“కొనొచ్చు. నా పిల్ల మంచులో కష్టపడుతుంటే నేను పొయ్యి దగ్గర కూర్చుని చలి కాచుకుంటున్నా. నా చేత్తో దానికేదన్నా చెయ్యాలనిపించింది. కానీ ఈ వేళ్ళు మాట వినట్లేదే.”

ఆర్లీన్ కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది. “ఎక్కడ పెట్టాలో చెప్పు,” అంది.

పిస్టన్‌ని అతను కుడిచేత్తో పట్టుకున్నాడు, ఆమె రింగుని నొక్కింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి టక్కుమని కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో డార్సీ కొత్త రంపాన్ని స్టార్ట్ చేసే తాడు లాగింది. కాసేపు మొరాయించి, దగ్గి, ఒక్కసారిగా అందుకుంది రంపం. విల్బర్ ముందు బ్రేకే వేయించాడు. గొలుసు టక్కున ఆగింది. ఆ తర్వాతే దుంగ కోయనిచ్చాడు.

ఆమె రంపం ఆపాక, కర్ర ఊతంతో మంచులో దగ్గరికి నడిచాడు.

“ఈ చలికాలం మేం వెచ్చగా బతికామంటే నీ చలవేనమ్మా. ఇన్నాళ్ళూ ఆ మాట అనడానికి నోరు రాలేదు.”

డార్సీ రంపం కింద పెట్టి తండ్రిని గట్టిగా వాటేసుకుంది. “బతికున్నావు నాన్నా. అదే చాలు,” అంది ఏడుస్తూ.

గుమ్మంలో నిలబడ్డ ఆర్లీన్ కళ్ళు తుడుచుకోలేదు. ఆ అడవి తన మనిషిని తనకి తిరిగిచ్చినందుకు మనసులోనే దండం పెట్టుకుని, ముగ్గురికీ సూపు వేడిచేయడానికి లోపలికెళ్ళింది.