పదిహేడు పతకాలు

మా ఊరి పైన కొండలో సైనికులు తొలిచిన గుహ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ వాళ్లు అందులో తలదాచుకున్నారు... కొందరు అందులోనే ఉండిపోయారు. చీకటి పడితే అటువైపు ఎవరూ వెళ్లరు. లోపల ఎవరో ఎముకలు గీకుతున్నట్టు చప్పుడొస్తుందని, ఇటలీ సరిహద్దునున్న మా సోచా లోయ అంతా చెప్పుకుంటారు.

ఇది మా పక్కింటి సిల్వా నాతో చెప్పిన సంగతి.

సిల్వా పాత పతకాలు శుభ్రం చేస్తుంది. దున్నినా, గట్టి వాన పడినా మా నేల యుద్ధం నాటి సామాను బయటికి కక్కుతూనే ఉంటుంది. లుడ్విక్ అనే పెద్దాయన ఆ పతకాలు ఏరి తెచ్చి ఆమెకిచ్చేవాడు. పని నేర్పిందీ ఆయనే. "రుద్దకే అమ్మాయ్. మట్టి తియ్యి, చాలు," అనేవాడు.

ఆమె పతకాన్ని నీళ్లలో నానబెట్టి, అక్షరాల సందుల్లో మట్టిని గులాబీ ముల్లుతో తీసి, పల్చగా మైనం పూసేది. వెనకవైపు సైనికుడి పేరు తేలిన రోజు ఆమెకు పండగే. ఆ పేరు చదివి వినిపించి, పతకం లుడ్విక్ చేతిలో పెట్టేది. ఇటలీ వెళ్లి ఆ సైనికుడి వాళ్లకి ఇచ్చి వచ్చానని ఆయన చెప్పేవాడు.

"సైనికుడి కూతురట, ముసలావిడ... ముద్దు పెట్టుకుని ఏడ్చిందే," అని చెబితే సిల్వా కూడా ఏడ్చేది.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆమె పశువుల బీడు నుంచి చీజ్ మోసుకుని దిగుతోంది. పొగమంచు కమ్మేసింది. చూస్తుండగానే చీకటి. దారేమో గుహ ముందు నుంచే.

గర్ర్... గర్ర్...

కాళ్లు ఆగిపోయాయి.

గర్ర్... మధ్యలో చిన్న దగ్గు.

దయ్యాలు దగ్గుతాయా?

గోడ పట్టుకుని లోపలికి నడిచింది. మలుపు తిరిగితే— లాంతరు. దాని ముందు లుడ్విక్. ఒక చేతిలో ఆకురాయి. రెండో చేతిలో... ఆమె నాలుగు రోజులు కూర్చుని శుభ్రం చేసిన వెండి పతకం. పేరు సగం అరిగిపోయింది.

"బాబాయ్... ఏంటిది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "పేరుంటే ఎవరూ కొనరే. ఎవరిదీ, ఎక్కడిదీ అని లక్ష ప్రశ్నలు."

"మరి ఆ ముసలావిడ?"

"ఏ ముసలావిడ?"

సిల్వా అక్కడే కింద కూర్చుంది. పక్కనున్న రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుంది. పదిహేడు పతకాలు. అన్నిటి వెనకా నున్నగా, బోసిగా... కానీ ఏ అంచు ఎక్కడ నొక్కుకుపోయిందో, ఏది తూటా తగిలి వంగిందో ఆమె వేళ్లకు తెలుసు. మొదటిది తడిమి, దాని మీద అరిగిపోయిన పేరు గట్టిగా పలికింది.

"ఎత్తోరే బెల్లుక్కో."

"ఊరుకోవే. ఇక్కడెవరు వింటారు?"

"సాంతే మిలోరిన్."

"పిచ్చి పట్టిందా నీకు—"

"దూయిలియో ఫర్రా."

"ఉన్నాను..."

ఆ గొంతు లుడ్విక్‌ది కాదు. గుహ లోపలి నుంచి వచ్చింది.

లాంతరు దొర్లి ఆరిపోయింది. లుడ్విక్ పడుతూ లేస్తూ బయటికి పరుగెత్తిన చప్పుడు... ఆ తర్వాత అదీ లేదు.

సిల్వాకి భయం వేసింది. అయినా లేవలేదు. ఆ చీకట్లోనే, నాలుగో పతకం కోసం డబ్బాలో చెయ్యి పెట్టింది.